పసుపు తిరిగిన నంబరు

మా ల్యాబ్ అక్క పోయింది. పోయిన మంగళవారం పొద్దున శాన్ రామన్ నుంచి ఆవిడ చిన్నకొడుకు ఫోన్ చేశాడు. "ఆంటీ, అమ్మ పోయింది. నిద్రలోనే. పెయిన్ ఏం లేదు," అన్నాడు. తర్వాత, "ల్యాబ్‌లో అమ్మతో వర్క్ చేసినవాళ్ళలో ఇప్పుడు మీరొక్కరే ఉన్నారు. సండే మెమోరియల్‌లో మాట్లాడతారా?" అని అడిగాడు. మాట్లాడతానన్నాను. వెళ్ళి మాట్లాడాను కూడా. అక్క మంచితనం గురించి, ఆవిడ పులిహోర గురించి నాలుగు మాటలు చెప్పి, అందరూ తలలూపుతుంటే వచ్చి కూర్చున్నాను. చెప్పాల్సినది మాత్రం చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

మామూలుగా నేను మొహమాటపడే మనిషిని కాదు. నోరు తెరిస్తే ఆగదని మా ఆయన దెప్పుతూ ఉంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం నలభై ఏళ్ళుగా నోరు పెగల్లేదు.

ఎనభైల మొదట్లో ఆయన ఉద్యోగం కోసం అమెరికాలోని శాంటా క్లారాకి వచ్చాం. నా బీఎస్సీ డిగ్రీ పట్టుకుని తిరగ్గా తిరగ్గా ఒక బ్లడ్ బ్యాంక్ ల్యాబ్‌లో పని దొరికింది. అక్కడ సీనియర్ టెక్నాలజిస్టు అక్క. ఏలూరు మనిషి, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, నలుగురు పిల్లల తల్లి. మొదటిరోజు అందరి ముందూ ఇంగ్లీషులో హలో చెప్పి, పక్కకి పిలిచి, "అన్నం తెచ్చుకున్నావా, బ్రెడ్డు ముక్కలేనా?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఆవిడ పెరుగన్నంలో సగం నాది.

రెండు వారాలు నన్ను రక్తం ముట్టుకోనివ్వలేదు. పిపెట్‌తో నీళ్ళు తీయించి తూకం వేయించేది. చుక్క తేడా వచ్చినా "మళ్ళీ" అనేది. నేను విసుక్కుంటే నవ్వి, "నీ చెయ్యి నీకే అబద్ధం చెబుతోందే పిల్లా. ముందు దాన్ని దారిలో పెట్టు," అనేది. ఇంతకంటే బాగా నాకు పని నేర్పినవాళ్ళు ఎవరూ లేరు.

ఎయిడ్స్ వైరస్‌కి రక్తపరీక్ష కొత్తగా వచ్చిన రోజులవి. అది ఎంతవరకు నిజం చెబుతుందో, ఎన్నిసార్లు పొరపడుతుందో చూడడం మా పని. రోగం ఉన్న రక్తాన్ని వదిలేస్తే అది ఎక్కించుకున్నవాళ్ళు పోతారు. లేనివాళ్ళకి ఉందంటే వాళ్ళని బతికుండగానే అందరూ వెలేస్తారు. అక్క పూటకోసారి చెప్పేది: "టెస్టు తీర్పు చెప్పదే, అనుమానం చెబుతుంది. తీర్పనుకున్నావో, ఒకరి కొంప ముంచుతావు." దాతలు భయపడి ఫోన్ చేస్తే ఇదే మాట నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని. అక్క నేర్పినట్టే, ఒక కంచంలో తింటే ఈ జబ్బు రాదండీ, ముట్టుకుంటే రాదండీ, అని ఎంతమందికి ధైర్యం చెప్పానో!

పరీక్షని పరీక్షించాలంటే రోగుల రక్తంతో పాటు మామూలు మనుషుల రక్తం కూడా కావాలి. మా ల్యాబ్‌లో మామూలు మనుషులంటే ముందు మేమే. అందరం తలా ఒక ట్యూబు ఇచ్చాం. ఆఫీసమ్మాయి పేర్లు తీసేసి నంబర్లు వేసి, ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం కవర్లో పెట్టి అంటించింది. ఆ కవరు అక్క నా చేతికిచ్చింది. "పని పూర్తయ్యేదాకా తీయకు. నేనడిగినా చూపించకు," అంది. అంతమందిలో నన్ను నమ్మింది.

టెస్టు ప్లేటులో చిన్న చిన్న గుంటలుంటాయి. వైరస్ సోకినప్పుడు ఒంట్లో పుట్టే యాంటీబాడీలు రక్తంలో ఉంటే గుంటలో నీళ్ళు పసుపు తిరుగుతాయి. మామూలు మనుషుల వరసలో ఒక గుంట పసుపు తిరిగింది. మళ్ళీ చేశాను, మళ్ళీ పసుపే. నిజం తేల్చే రెండో పరీక్షకి ఆ రక్తాన్ని ఇంకో ల్యాబ్‌కి పంపాలి, జవాబుకి రెండు వారాలు పడుతుంది. పంపాను. అక్కడితో నా పని అయిపోయింది. కానీ నా నంబరేమోనని ఒకటే భయం. భోజనాల టైములో అందరూ లేచి వెళ్ళాక కవరు చింపాను.

అది అక్క నంబరు.

నాది కాదని ముందు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఛీ, అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆ శనివారం మా అమ్మాయి నాలుగో పుట్టినరోజు. అక్క ఎప్పట్లానే ముందుగా వచ్చింది. ఏ ఇంట పార్టీ అయినా ఆవిడకొక అలవాటు. పెద్ద బేసిన్‌లో వేడన్నం, ఆవకాయ, నెయ్యి వేసి కలిపి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని నోట్లో ముద్దలు పెట్టేది. అమెరికాలో పుట్టిన పిల్లలు కారానికి హాహా అంటూనే మళ్ళీ వరసలోకి వచ్చేవాళ్ళు. మా అమ్మాయి వంతు వచ్చింది. అది నోరు తెరిచింది. నేను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేశాను.

"దానికి జలుబక్కా. కారం వద్దు," అన్నాను.

"నెయ్యి వేశాలేవే!"

"వద్దక్కా," అన్నాను గట్టిగా. ముద్ద ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

భోజనాలయ్యాక ఆవిడ తిన్న స్టీలు కంచం వంటింట్లోకి పట్టుకెళ్ళి బ్లీచ్ నీళ్ళలో ముంచాను. అప్పటికీ నా మనసు ఊరుకోలేదు, తీసి చెత్తబుట్టలో పడేశాను. వెనక్కి తిరిగితే మంచినీళ్ళ గ్లాసుతో అక్క గుమ్మంలో ఉంది. సింకు వంక చూసింది, బుట్ట వంక చూసింది. ల్యాబ్‌లో రక్తం ఒలికితే మేం వాడే బ్లీచ్ వాసన అది. ఆవిడకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

"ఎంత కలిపావే?" అంది.

తడి చేతులు చీరకి తుడుచుకున్నాను.

"ఒకటికి తొమ్మిది పాళ్ళు నీళ్ళు," అంది తనే మెల్లగా. తర్వాత, "నా నంబరేనా?" అంది.

తలూపాను. ఆవిడ గ్లాసు కూడా బుట్టలో వేసి, పిల్లల్ని పిలుచుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ చిన్నాడు కేకు కోయకుండా రానని ఏడుస్తుంటే రెక్క పట్టుకుని కార్లోకి ఎక్కించింది.

సోమవారం తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడే నా దగ్గరికి వచ్చింది. "చిన్నాడి కాన్పులో నాకు రెండు బ్యాగుల రక్తం ఎక్కించారే. డెబ్బై తొమ్మిదిలో. అప్పుడీ టెస్టు ఎక్కడిది?" అంది. అంటే ఆవిడకి అది నిజమయ్యే దారి ఉంది. జవాబు వచ్చేదాకా తెలియకుండా ఉండాల్సిన మనిషికి నా మూలంగా తెలిసిపోయింది. "కవరు తీశానని నోట్‌బుక్‌లో రాయి. నీ చేత్తోనే రాయి," అని చెప్పి పనిలోకి వెళ్ళిపోయింది. ఉద్యోగం పోతే గ్రీన్ కార్డు ఏమవుతుందోనని ఏడుస్తూ రాశాను. బాస్ పిలిచి అడిగితే అక్క, "షి ఈజ్ న్యూ. కవరు ఆ పిల్లకివ్వడం నా తప్పు," అని మీద వేసుకుంది.

రెండు వారాలకి జవాబొచ్చింది. ఆవిడకి ఏ రోగమూ లేదు. ఆ రోజుల్లో టెస్టు కోసం వైరస్‌ని మనిషి కణాల్లో పెంచేవారు, ఆ కణాల తునకలు కూడా టెస్టు గుంటల్లోకి వచ్చేసేవి. పిల్లల్ని మోసిన తల్లుల రక్తంలో ఆ బిడ్డల వల్ల పుట్టిన యాంటీబాడీలు కొన్ని ఉండిపోతాయి. అవి ఆ కణాల తునకల్ని పట్టుకుంటే టెస్టు పొరపడేది. అక్క నవ్వబోయింది. "నలుగురు పిల్లల్ని కన్నానని చెప్పిందే పాపం!" అంది. లెక్కలో తప్పు పాజిటివ్‌ల కింద తన నంబరు తనే రాసుకుంది. నేను కాళ్ళ మీద పడబోతే, "లే, పని చూడు," అంది.

టెస్టు ఎన్నిసార్లు తప్పు చెబుతుందో లెక్కపెట్టి జీతం తీసుకున్నదాన్ని నేను. మా అందరిలో దాన్ని నమ్మేసిందీ నేనే.

ఆ తర్వాత కూడా అక్క మా ఇంటికి వస్తూనే ఉంది, తింటూనే ఉంది. మా అమ్మాయికి మాత్రం మళ్ళీ ముద్ద పెట్టలేదు. పెట్టమని అడిగే మొహం నాకు లేదు.

ఆదివారం మెమోరియల్ అయ్యాక చిన్నకొడుకు కాఫీ తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాడు. "ఆంటీ, ఒకటి అడగాలి. నేను సిక్స్ ఇయర్స్ ఉన్నప్పుడు అమ్మ సడన్‌గా టూ వీక్స్ మాకు ముద్దలు పెట్టలేదు. స్పూన్ ఇచ్చి తినమంది. దగ్గరికి కూడా రానివ్వలేదు. నువ్వు బర్త్‌డే పార్టీలో ఏడ్చావుగా అందుకే, అని అన్నయ్య అన్నాడు. నేను డైలీ సారీ చెప్పేవాణ్ణి. అమ్మ ఎప్పుడూ రీజన్ చెప్పలేదు. మీకేమైనా తెలుసా?"

ముద్ద వల్ల ఏమీ రాదని మాకందరికీ నేర్పిన మనిషి! ఆవిడ వంటింట్లోకి కూడా ఆ భయాన్ని నేనే పంపాను.

"తెలీదు నాన్నా," అన్నాను.

తెలుసు నాన్నా. నువ్వేం తప్పు చేయలేదు. చేసింది నేను. ఈ మాట నీ మొహం చూసి చెప్పలేక కాగితం మీద పెడుతున్నాను. తెలుగు చదవడం నీకు రాదు, ఎవరిచేతనైనా చదివించుకో.

అందరూ అక్క నవ్వు గుర్తొస్తోందంటున్నారు. నాకు అది గుర్తు రావడం లేదు. కళ్ళు మూసుకుంటే, ఆరేళ్ళ పిల్లాడు స్పూను పక్కకి నెట్టేసి "సారీ అమ్మా" అంటూ నోరు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు. అక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.