ఉప్పునీళ్లలో గోదారి

అమ్మ నాలుగు రోజులుండి వస్తానని అంతర్వేది దగ్గర మా చెల్లెలింటికి వెళ్లింది. మిరపకోతలు అయిపోయినా రాలేదు. ఫోన్ చేస్తే ఇక్కడ గాలి బాగుందంటుంది. మా బూర్గంపాడులో గాలి లేదా? గోదారి లేదా? నాకు కడుపు మండిపోయింది. వెళ్లి తీసుకొచ్చేస్తానని మా ఆయనకు చెప్పి బస్సెక్కాను.

మర్నాడు తెల్లవారకముందే చెల్లెలు లేపింది. రోజూ ఈ వేళకి ఇద్దరూ సముద్రం దగ్గరికి వెళ్తారట. ముందు వాళ్లిద్దరూ, వెనక చుట్టంలా నేను. సరుగుడు తోట దాటాక ఇసుకలో ఒకచోట కూర్చున్నారు. అది వాళ్ల చోటని చూస్తేనే తెలుస్తోంది. నా దగ్గరున్నన్నాళ్లు పొయ్యి, గొడ్లు, కట్టెలు అంటూ ఒక్కచోట నిలవని మనిషి, ఇక్కడ చెల్లెలి భుజానికి ఆనుకుని కదలకుండా అలలు చూస్తోంది. సముద్రం నెమ్మదిగా ఉంది. చూస్తూ చూస్తూ నా మనసు కూడా నెమ్మదించింది. అదీ నచ్చలేదు నాకు.

వెలుగొచ్చాక అమ్మ లేచి నీళ్లలోకి దిగింది. మా రేవులో చేసినట్టే దోసిలి పట్టి, గోదారమ్మా అని దండం పెట్టుకుని, ఒక గుక్క తాగింది. నాకు నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది. సముద్రాన్ని కూడా గోదారే అనుకుంటోంది, ఇంకా మా మనిషే. ఉప్పునీళ్లమ్మా అని చెప్పబోయేసరికి, చెల్లెలు అప్పటికే మంచినీళ్ల సీసా మూత తీసి పట్టుకుని ఉంది. రోజూ ఇదే తంతట. గోదారి వచ్చి కలిసేది ఇక్కడే కాబట్టి, మన నీళ్ల రుచి తగులుతుందేమోనని అమ్మ చూస్తుందట.

“నాకైతే ఉప్పు తప్ప ఏమీ తెలీట్లేదక్కా,” అంది చెల్లెలు. దాని మాట కూడా కోస్తా వైపుదైపోయింది.

అమ్మ నావైపు తిరిగింది. “నువ్వు తాగి జూడు బిడ్డా. నీకు తెలుస్తది.”

చెల్లెలి ముందు ఆ మాట అనేసరికి చీర కూడా ఎత్తిపట్టుకోకుండా నీళ్లలోకి దిగాను. దోసెడు తాగాను. గొంతు దాకా ఉప్పే. చెల్లెలు నన్నే చూస్తోంది.

“అవ్ అమ్మా, తగుల్తుంది. అచ్చం మన రేవు నీళ్లే,” అన్నాను.

అమ్మ ముఖం విచ్చుకుంది. తను చెప్తే ఇది నమ్మలేదని చెల్లెల్ని చూపించి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండానే ఒడ్డెక్కింది. నాకు ఎంత గర్వమో చెప్పలేను.

తోట దారిలో, ఇక బట్టలు సర్దుకో, రేపు పొద్దున్నే బస్సుందని చెప్పాను.

“మన గోదారే ఈడిదాకా వచ్చిందాయె. ఇగ నాకేం తొందర? నువ్వే వస్తపోతుండు,” అంది అమ్మ.

చెల్లెలు సీసా నాకు అందించింది. నోరంతా మండుతోంది. అమ్మ చూస్తుండగా ఎలా తాగను? వద్దని చెప్పి, ఇంటిదాకా అలాగే నడిచాను.