పంటి కింద ఇసుక

ఒరిస్సాని తుపాను ఊడ్చేసిన మరుసటేడు, పాత తుపానుల జాడ వెతకడానికి ఒక ప్రొఫెసరమ్మ మా ఉద్దానం వచ్చారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాను కనుక ఆవిడ గొట్టాలు మోసే అర్హత నాకు దక్కింది.

ఆవిడ ఒకచోట నిలబడేవారు కాదు. ఇసుకదిబ్బ వెనక బురదలో గొట్టం దించి, పైకి లాగి, అందులో మట్టిని చిటికెడు తీసి పళ్ల మధ్య నలిపేవారు. మెత్తగా ఉంటే మామూలు బురద. కరకరలాడితే తుపాను తెచ్చిన సముద్రపు ఇసుక. అది తగిలితే ఇంకాస్త ఊరివైపు నడిచి మళ్లీ గొట్టం దించేవారు. అలా నడిచి నడిచి, మా మావ కొత్త ఇంటి పునాదికి ముగ్గు పోసిన చోటికి వచ్చారు.

“ఇక్కడికి సముద్రం ఎలాగొత్తాది మేడమ్‌గోరూ? మా తాత నాడు కూడా రానేదు,” అన్నాడు మావ.

ఆవిడ అక్కడా గొట్టం దించి, రెండు మూడు లోతుల్లో మట్టి కొరికి చూశారు. “ఆయనకి ముందే వచ్చిందండీ. ఒకసారి కాదు.”

“అయితే మాకు సెప్పకుండా వచ్చెల్లిపోయిందన్నమాట,” అని మావ ఆవిణ్ణి భోజనానికి పిలిచాడు.

రెండో ముద్దకే ఆవిడ నమలడం ఆపేశారు. అన్నంలో ఇసుక తగిలింది.

“ఇది ఏ తుపానుది మేడమ్‌గోరూ?” అన్నాడు మావ. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. గుమ్మంలోంచి ఆ ముగ్గువైపే చూస్తూ మింగేశారు. ఆ చూపు చూసి మావ కంచం పక్కకి జరిపాడు.

మర్నాడు పొద్దున్నే రోడ్డు పక్క మెరక మీద కొత్తగా ముగ్గు పోయించాడు. ఎందుకు మావా అంటే, వాస్తు అన్నాడు.