తారిక్ మాస్టారి మూడు రివాల్వర్లు

పరుగు పందెం చూడటానికి వచ్చినవాళ్ళంతా ముగింపు గీత దగ్గర మూగుతారు. పందెం మొదలుపెట్టే మనిషి మొహం ఎవరికీ గుర్తుండదు. విజయవాడలో ఇరవై రెండేళ్ళుగా, ఎర్ర కోటూ ఎర్ర టోపీ వేసుకుని చెయ్యి పైకెత్తి నిలబడే ఆ మనిషి తారిక్ మాస్టారు. ఒక స్కూల్లో పీఈటీ. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం ఖంగుమంటుంది. జిల్లాలో ఏ మీట్ జరిగినా స్టార్టర్ ఆయనే.

ఆయన చేతిలో ఉండేది స్టార్ట్ రివాల్వర్. అందులో తూటాలుండవు. చక్రంలో ఎనిమిది గదులు, గదికొక మందు క్యాప్. నొక్కితే చెవులు గింగురుమనే చప్పుడు, గుప్పెడు పొగ. అవతల టైమ్ కీపర్లు ఆ పొగ చూసి స్టాప్‌వాచ్ నొక్కుతారు. ఎవరైనా ముందే కదిలితే స్టార్టర్ వెంటనే రెండోసారి పేల్చాలి. అది వింటే అందరూ ఆగి వెనక్కి రావాలి. పెద్ద పోటీల్లో ఈ పనికి వేరే మనిషి, వేరే గన్ ఉంటాయి. మన మీట్లలో రెండు పనులూ మాస్టారివే, గన్ కూడా ఒక్కటే.

పోయినేడు ఆ రెండో దెబ్బే పేలలేదు. ఆడపిల్లల వంద మీటర్ల ఫైనల్. రెండో లేన్‌లోని పిల్ల ముందే దూకింది. మాస్టారు మళ్ళీ నొక్కారు. క్లిక్కుమంది, అంతే. ఐదుగురు పిల్లలు పరుగెత్తుకుంటూ పోయారు. కంకిపాడు నుంచి వచ్చిన హెప్సిబా అనే అమ్మాయి మాత్రం, పక్క పిల్ల దూకడం చూసి, ఎలాగూ వెనక్కి పిలుస్తారు కదా అని పదడుగులకే ఆగిపోయింది. నియమం తెలిసిన పాపానికి ఆఖరిదైంది. మళ్ళీ పరుగు పెట్టించమని మాస్టారు మొత్తుకున్నారు. రెండో చప్పుడు ఎవరూ వినలేదు కనక ఇదే ఫలితమన్నారు నిర్వాహకులు. బహుమతులివ్వడానికి ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నారు మరి, ఆయన తొందర ఆయనది! హెప్సిబా ఏడవలేదు. బూట్లు విప్పి సంచిలో పెట్టుకుంటూ మాస్టారి చేతిలోని గన్ వైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు ఆయనకు ఏడాదిపాటు నిద్రపట్టనివ్వలేదు.

ఈ ఏడు ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం. ఇది దాటితే వయసు దాటిపోతుంది. మొదటి ఇద్దరే రాష్ట్ర మీట్‌కి వెళతారు. ఈసారి ఆ పిల్లకి గన్ వల్ల అన్యాయం జరగడానికి వీల్లేదని మాస్టారు పట్టుబట్టి కూర్చున్నారు. జూన్‌లో స్కూళ్ళు తెరిచేసరికి ఆయన బల్ల మీద మూడు కంపెనీల రివాల్వర్లు చేరాయి. స్కూలు గన్ పిడి మీద గద్ద బొమ్మ ఉంటుంది. పోయినేడు పరువు తీసింది అదే. కాలేజీవాళ్ళ దగ్గర అడిగి తెచ్చినదాని మీద గుర్రం బొమ్మ ఉంది. మూడోదానికి ఏ బొమ్మా లేదు. స్పోర్ట్స్ షాపులో ఎవరూ అడగక దుమ్ముకొట్టుకుపోయి ఉంటే తీసుకొచ్చారు. నల్లగా, మొరటుగా, చూడగానే కొనబుద్ధి కాని వస్తువు.

ఆదివారాలు బందరు కాలువ గట్టు మీద పరీక్షలు మొదలయ్యాయి. మాస్టారు పేల్చడం, భార్య నజీమా నోటుబుక్కులో గీతలు పెట్టడం. కొత్తలో ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని, పెళ్ళయిన ఇన్నేళ్ళకి షికారంటే ఇదా అని సణిగింది. మూడో వారానికి ఆవిడకే పిచ్చి పట్టింది. మొదటి దెబ్బలకి ఒక వరస, రెండో దెబ్బలకి ఇంకో వరస గీసింది. క్యాపులన్నీ ఒకే డబ్బాలోవి కాకపోతే పోలికెలా కుదురుతుందని మాస్టారినే నిలదీసింది. ఒక రైతు బండాపి, పొలంలో పిట్టల్ని తోలడానికి అలాంటిది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. మాస్టారు అతనికి మూడు కంపెనీల గుణగణాలూ అరగంట వివరించారు. పాపం, అతను బండి ఎందుకాపానా అనుకుంటూ వెళ్ళాడు.

గద్ద బండారం త్వరగానే బయటపడింది. పైన వెండిలాంటి మెరుపు, లోపల మెత్తని స్ప్రింగు. మొదటి దెబ్బ దాదాపు ఎప్పుడూ పేలుతుంది. వెంటనే మళ్ళీ నొక్కితే చక్రం సగమే తిరిగి, సుత్తి క్యాప్ పక్కన పడుతుంది. వంద రెండో దెబ్బల్లో పందొమ్మిది మూగబోయాయి. గుర్రం బాగా నచ్చింది. బరువైన ఇనుము, నున్నటి చక్రం, వందకి వంద! బొమ్మలేనిది కూడా వందకి వందే కానీ దాని ట్రిగ్గర్ గట్టిది, చూపుడువేలు బొబ్బలెక్కింది. ఇక గుర్రమే మన గన్ అని మాస్టారు తేల్చేశారు. నజీమా ఎందుకో ఒప్పుకోలేదు. నున్నగా తిరిగేదాన్ని ఇప్పుడే నమ్మనంది.

ఇంతలో దసరా వచ్చింది. అదే స్కూల్లో ఇంకో పీఈటీ దుర్గాప్రసాద్. మాస్టారికి ప్రాణమిచ్చే మనిషి. ఆయుధపూజ నాడు బ్యాట్లు, బంతులు, డంబెల్స్ అన్నీ కడిగి వరసగా పేర్చి, మాస్టారి మూడు రివాల్వర్లనీ మధ్యలో గౌరవంగా పెట్టాడు. ఈ ఏడు మా మాస్టారి గన్ పేలి తీరాలని తడి పసుపు దట్టంగా రాసి, ఒక్కోదానికి ఎనిమిదేసి కుంకుమబొట్లు పెట్టాడు. గదికొకటి! సెలవుల తర్వాత మాస్టారు ఆటసామాన్ల గది తలుపు తీసి చూసేసరికి, పసుపు ఎండిపోయి, మూడూ ముత్తైదువుల్లా కూర్చున్నాయి.

మీట్ ఇంకా ఆరు రోజులే ఉంది. గద్ద చక్రం అసలు కదల్లేదు. నున్నటి గుర్రానికి సందులు మరీ సన్నం. పసుపు లోపలికి దిగి, గట్టిపడి, చక్రం మూడో గది దగ్గర బిగుసుకుంది. బొమ్మలేనిదాన్ని ఆయన భయంభయంగా అందుకుని నొక్కారు. పసుపు పొడి రాలుస్తూ అది గరగరమని తిరిగింది. క్యాపులు వేసి పేల్చితే ఎనిమిదికి ఎనిమిదీ పేలాయి. వదులు సందులతో, గట్టి స్ప్రింగుతో మొరటుగా చేసినవాడెవడో, ఎరిగే చేశాడు. ఇలాంటి పరీక్ష పెట్టాలని తనకే తట్టలేదే అని మాస్టారు ఎగిరి గంతేసి, తిట్లకు సిద్ధపడి నిలబడ్డ దుర్గాప్రసాద్‌ని కౌగిలించుకున్నారు.

మీట్ రోజు ఫైనల్‌కి ఆరుగురిలో నాలుగో లేన్ హెప్సిబాది. "ఆన్ యువర్ మార్క్స్" అన్నారు మాస్టారు. "సెట్" అన్నారు. నొక్కబోతుండగానే ఐదో లేన్ పిల్ల దూకింది. మొదటి దెబ్బా, దాని వెనకే రెండో దెబ్బా ఢామ్మని పేలాయి. మాస్టారి ఒళ్ళు పులకరించింది. ఐదుగురు పిల్లలు ఆగారు. హెప్సిబా ఆగలేదు. తల వంచుకుని, పళ్ళు బిగించి, ఎవరు కేకలేసినా వినకుండా ఒక్కతే వంద మీటర్లూ పరుగెత్తింది. ముగింపు గీత దాటాక వెనక్కి తిరిగి చూసి కుప్పకూలింది.

నిమిషంలో మళ్ళీ మొదలుపెట్టమన్నారు నిర్వాహకులు. ఈ ఏడూ ముఖ్య అతిథి వచ్చే ఉన్నారు. మాస్టారు రివాల్వర్ని సంచిలో పెట్టి జిప్పు లాగేశారు. పదిహేను నిమిషాలు ఆగితేనే ఇది బయటికొస్తుందని చెప్పి, జవాబు కోసం చూడకుండా ఆ పిల్ల దగ్గరికి నడిచారు.

"రెండో దెబ్బ వినపడలేదామ్మా?"

"వినపడింది సార్," అంది హెప్సిబా రొప్పుతూ. "నమ్మలేదు."

మాస్టారికి ఆ మాట సూటిగా గుచ్చుకుంది. నాలుగు నెలలు గన్‌ని పరీక్షించారు కానీ, ఆ సంగతి ఈ పిల్లకి ఒక్క ముక్క చెప్పలేదు. కింద గడ్డిలో కూర్చుని మొత్తం చెప్పారు. గట్టు మీద లెక్కలు, గద్ద మోసం, గుర్రానికి పట్టిన పసుపు. పోయినేడు పరీక్షించని గన్ తెచ్చిన తప్పు తనదేనన్నారు. తర్వాత సంచి తెరిచి, రెండు కొత్త క్యాపులు వేసి చక్రం నింపి, రివాల్వర్ ఆ పిల్ల చేతిలో పెట్టారు.

"నా మాట నమ్మొద్దు. నువ్వే పేల్చి చూడు."

హెప్సిబా లేచి నిలబడి చెయ్యి పైకెత్తింది. ఒకటి, రెండు, మూడు. ఆగకుండా ఎనిమిదీ పేల్చేసింది. టైమ్ కీపర్లు గబగబా వాచీలు నొక్కారు. ముఖ్య అతిథి తెల్లచొక్కా మీద టీ ఒలికింది. గ్రౌండ్ గ్రౌండంతా ఇటు తిరిగి చూస్తోంది. పొగలో నిలబడి ఆ పిల్ల నవ్వింది. వేలు నొప్పెడుతోంది సార్ అంటూ గన్ తిరిగిచ్చింది.

మాస్టారు మళ్ళీ క్యాపులు నింపుకున్నారు. ఈసారి ఐదుగురే నిలబడ్డారు, ముందు దూకిన పిల్లని నియమం ప్రకారం తీసేశారు. చప్పుడు కావడమే ఆలస్యం, హెప్సిబా అందరికన్నా ముందు లేచింది. అరవై మీటర్ల దగ్గర, అప్పటికే ఒకసారి అలిసిన కాళ్ళు బరువెక్కాయి. ఒకమ్మాయి దాటింది, ఇంకో అమ్మాయి పక్కకొచ్చింది. నజీమా పక్కనున్న దుర్గాప్రసాద్ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. చివరి గజంలో హెప్సిబా ఛాతీ ముందుకు వాల్చి గీత దాటింది. రెండో స్థానం!

పతకం మెడలో వేసుకుని ఆ పిల్ల తిన్నగా మాస్టారి దగ్గరికొచ్చింది. రాష్ట్ర మీట్‌లో స్టార్టర్ ఆయనేనా అని అడిగింది. కాదమ్మా, అక్కడివాళ్ళెవరో ఉంటారన్నారు మాస్టారు. ఆ పిల్ల మొహంలో వెలుగు తగ్గింది. మాస్టారు దుర్గాప్రసాద్ దగ్గర రాష్ట్ర మీట్ నిర్వాహకుడి నంబరు తీసుకుని అక్కడికక్కడే ఫోన్ కలిపారు.

"నమస్కారమండీ, విజయవాడ నుంచి తారిక్‌ని. మీ స్టార్ట్ రివాల్వర్ ఏ కంపెనీదండీ? గద్ద బొమ్మా? రెండో దెబ్బ ఎప్పుడైనా పేల్చి చూశారా?"

ఆ అవసరమే రాలేదండీ అన్నాడు అవతలాయన. మాస్టారు హెప్సిబా వైపు చూశారు.

"అయితే మీట్‌కి నేను గన్ తీసుకుని వస్తున్నానండీ. ఏ రోజు రమ్మంటారో చెప్పండి."