గెడ్డ దగ్గర అనాల్సిన మాట

లోవవలస నుంచి కొండెక్కాలంటే ముందు గెడ్డ దాటాలి. వానల్లో మోకాలి పైదాకా, ఎండల్లో మడమ దాకా నీళ్ళుండే చిన్న కొండవాగు. దాని ఒడ్డున నిలబెట్టి, వచ్చిన ప్రతి మనిషి చేతా జగ్గమ్మ ఒక మాట పైకి అనిపిస్తుంది.

"తిరుగుదాం."

అంతే. అనని వాళ్ళను గెడ్డ దాటనివ్వదు.

"పైన ఎవులికి బెరుకు పుట్టినా ఈ మాట అనండి. ఒక్కరంటే సాలు, అందరం దిగొచ్చీడమే. ఎందుకన్నావని దారిలో అడక్కూడదు. గెడ్డ దాటినాక అడుక్కోండి. నవ్వకూడదు. నవ్వినోల్ని రెండోసారి తీసుకెళ్ళను" అని చెబుతుంది. విశాఖపట్నం నుంచి వచ్చి పలాసలో రైలు దిగిన కుర్రకారు దాన్ని ఫోన్లలో వీడియో తీసుకుంటారు. ఆమె అభ్యంతరపెట్టదు. నోటితో అన్నారా లేదా అన్నదే చూస్తుంది.

మందస దాటాక ఒడిశా వైపు లేచే కొండల వరుసలో ఇదొకటి. కింద జీడితోటలు, మధ్యలో పనసలు, పైన ఒక పెద్ద బండ. బండ మీద నిలబడితే దూరంగా భావనపాడు వైపు సముద్రం సన్నటి గీతలా కనిపిస్తుంది. ఊరివాళ్ళు దాన్ని ఏనాడూ ఒక వింతగా చూడలేదు. విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కోసం, కొండచీపుళ్ళ కోసం వెళ్ళే ఆడవాళ్ళు అక్కడ కూర్చుని చద్దన్నం తినేవారు. పృథ్వీరాజ్ అనే విశాఖ యువకుడు వారాంతపు యాత్రల కంపెనీ పెట్టి మనుషుల్ని తేవడం మొదలుపెట్టాకే ఆ బండకు గిరాకీ వచ్చింది. ఊళ్ళో కమిటీ ఏర్పడింది. దారి చూపే పనికి ఇద్దరిని తీసుకున్నారు. ఒకరు చినబాబు. రెండో మనిషి జగ్గమ్మ.

అంతకుముందు ఆమె పలాసలో ఒక ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టేది. పిక్కల నూనెకు వేళ్ళు నల్లబడి, చర్మం పొరలుగా లేచిపోయేది. పని మానేసింది మాత్రం అందుకు కాదు. పని చేస్తూ ఆడవాళ్ళు మాట్లాడుకోకూడదని కొత్త సూపర్‌వైజరు ఒక రోజు నిబంధన పెట్టాడు. "సేతులు మీకిచ్చినాను గానీ నోరివ్వలేదు" అని లేచి వచ్చేసింది. మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. కొండ పని దొరికాక, ఇక తొక్కే అవసరం రాదనుకుంది.

గెడ్డ దగ్గరి కట్టుబాటు ఆమె పెట్టింది కాదు. ఆమె అత్త అప్పలమ్మ వల్ల వచ్చింది. అప్పలమ్మ ఆకులకు వెళ్ళే గుంపులో ఒకర్తె. ఒకసారి కొండ మీద ఎందుకో భయమేసి తిరుగుదామంది. అందరూ తిరిగొచ్చారు. ఏమీ జరగలేదు. కూలి పోయిందన్న కోపంతో గుంపులో ఆడవాళ్ళు ఆమెకు 'తిరుగుడు అప్పలమ్మ' అని పేరు పెట్టారు. ఆ తర్వాత వెళ్ళినప్పుడు జీడితోట పైన మళ్ళీ అదే భయం కలిగింది. ఈసారి నోరు మూసుకుంది. పొదలోంచి వచ్చిన ఎలుగుబంటి ఆమె ఎడమ కన్నూ, సగం చెంపా తీసుకుపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళతో అన్న మాట ఊరంతటికీ తెలుసు: "కన్ను ఎలుగు తీసినాది. నోరు మాత్రం మీరు తీసినారు." అప్పటి నుంచీ ఆకులకు వెళ్ళే గుంపు గెడ్డ దాటేముందు ఒక్కొక్కరూ ఆ మాట పైకి అని మరీ దాటుతారు. నాలుకకు అలవాటుంటే అవసరానికి సిగ్గు అడ్డురాదని. కూడా వచ్చేవాళ్ళు నగరంవాళ్ళయినంత మాత్రాన దాన్ని వదిలేయడానికి జగ్గమ్మకు కారణం కనిపించలేదు.

గొడవ జీడిపళ్ళు రాలే కాలంలో వచ్చింది. ఆ ఆదివారం జగ్గమ్మ వెంట నడిచిన బృందంలో బెన్హర్ అనే బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు. వ్యాయామశాలలో పెంచిన కండలు, పొట్టి చేతుల బనీను. గెడ్డ దగ్గర సినిమాల్లో విలన్‌లా గొంతు మార్చి "తిరుగుదాం" అన్నాడు. అందరూ నవ్వారు. జగ్గమ్మ అతని చేత మళ్ళీ మామూలు గొంతుతో అనిపించి దాటించింది.

బండ కనిపించే మలుపులో, రెండు రాళ్ళ మధ్య దారి ఇరుకయ్యే చోట, బెన్హర్ ఆగిపోయాడు. "తిరుగుదాం" అన్నాడు. ఈసారి గొంతు మార్చలేదు.

జగ్గమ్మ వెనక్కి తిరిగింది.

"ఏంటి, నిజంగానే?" అన్నాడు కూడా ఉన్న పృథ్వీరాజ్. "బండ అదిగో, కనిపిస్తోంది కదా!"

"కనబడతాది. రేపూ కనబడతాది. నడండి."

బెన్హర్ చుట్టూ చూశాడు. అందరూ అతన్నే చూస్తున్నారు. "సరదాకి అన్నానండీ" అన్నాడు.

"సరదాకన్నా అన్నట్టే బాబూ. నడు."

గొణుక్కుంటూ అందరూ దిగారు. గెడ్డ దాటాక జగ్గమ్మ అడిగింది. "ఇప్పుడు సెప్పు. ఏటి సూసినావు?"

"ఏం లేదు. చెప్పాను కదా, జోక్."

"సరే" అని చీర కుచ్చెళ్ళు పిండుకుంది.

అదే రోజు చినబాబు ఇంకో బృందాన్ని అదే దారిలో తీసుకెళ్ళాడు. వాళ్ళు బండెక్కి ఫొటోలు దిగి, పాటలు పాడి, క్షేమంగా వచ్చారు. ఎలుగు లేదు, అడుగుజాడ లేదు. సాయంత్రానికి కంపెనీ పేజీలో బెన్హర్ స్నేహితులు ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి, జోక్ చేస్తే కొండ దింపేసిన పెద్దమ్మ గురించి రాశారు. కింద నవ్వు బొమ్మలు వరసకట్టాయి.

రెండ్రోజుల తర్వాత కమిటీ షెడ్డులో పంచాయితీ. కమిటీ పెద్ద గంగులు జగ్గమ్మకు బావ, భర్తకు అన్న. పృథ్వీరాజ్ మర్యాదగానే మొదలుపెట్టాడు.

"జగ్గమ్మగారూ, మీరు తిరుగుదామంటే నేను ఒక్క మాట అడగను. మీరు గైడ్. కానీ ఎవరో జోక్‌గా అన్నా అందరూ దిగిపోవాలంటే నేనీ పని ఎలా నడపాలి? ఇకనుంచి గైడ్ ఒక్కరే చెప్పాలి. గెడ్డ దగ్గర అనిపించడం ఆపేద్దాం. మొన్న పొరపాటయిందని ఫోన్లో రెండు ముక్కలు చెప్పండి, పేజీలో పెడతాను. అక్కడితో అయిపోతుంది."

అన్యాయంగా ఏమీ లేదు. షెడ్డులో చాలా తలలు ఊగాయి.

"పొరపాటేటి?" అంది జగ్గమ్మ.

"అక్కడ ఎలుగు లేదు కదండీ."

"నేదు. ఐతే? ఎలుగు రానందుకు నాను తప్పొప్పుకోవాలేటి? వచ్చుంటే నాకు దండేద్దువా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గంగులు కసిరాడు. "ఊరుకోయే! బాబు సెప్పిందాంట్లో తప్పేటున్నాది? నువ్వు సూసి సెప్పు. సాల్దా?"

"సాల్దు బావా. మొన్న నాకూ ఏటీ కనబళ్ళేదు. ఏటీ ఇనబళ్ళేదు. నాకంతా తెల్సని నాను సెప్పుకోడం లేదు. ఒకడు నోరు తెరిసినాక ఆడి మాట తీసి పడీస్తే, రేపు నిజంగా సూసినోడు నోరు తెరవడు. మీ అమ్మని సూసి కూడా నీకు తెలీదేటి?"

గంగులు తల పక్కకు తిప్పుకున్నాడు. అప్పలమ్మ అతనికి తల్లి.

"ఆ మాట అనిపించేటట్టయితే మీకు బృందాలు ఇవ్వలేను" అన్నాడు పృథ్వీరాజ్. "చినబాబు ఒక్కడే చూసుకుంటాడు."

చినబాబు నేల చూస్తూ "ఎల్తాను" అన్నాడు.

"ఐతే ఆడే ఎల్తాడు. అనిపించకుండా నానైతే గెడ్డ దాటించను." జగ్గమ్మ లేచింది.

"కంపెనీ జాకెట్ ఇచ్చి వెళ్ళండి" అన్నాడు పృథ్వీరాజ్.

"జాకెట్టా? రెండు వానాకాలాలు నాతో తడిసినాది. నాను అడగలేదు, తొడుక్కోమని మీరే ఇచ్చినారు. నాదే."

ఆమె పని అలా పోయింది. పలాస గేటు దగ్గర పిక్కల పని ఎప్పుడూ ఉంటుంది. గంగులు భార్య వచ్చి అదే గుర్తు చేసింది. జగ్గమ్మ వినిపించుకోలేదు. ఆకుల గుంపుతో మళ్ళీ కొండెక్కడం మొదలుపెట్టింది. తలమీద అడ్డాకుల మోపు, ఒంటి మీద కంపెనీ పేరున్న ఆకుపచ్చ జాకెట్. దారిలో ఎదురైన సందర్శకులు మీరు గైడా అని అడిగితే, "ఔను. మిమ్మల్ని తోలుకొచ్చినోడు కాదు" అనేది. పక్కనున్న చినబాబు మొహం మాడ్చుకునేవాడు.

"ఏరా చినబాబూ, నోరు ఇంటికాడ ఒగ్గీసి వచ్చినావేటి?"

"ఊరుకో పిన్నీ. జనాలున్నారు."

ఊళ్ళో కొందరు పాత పేరు వెతికి తీసి ఆమెకు తగిలించారు. 'తిరుగుడు జగ్గమ్మ' అని పిలిస్తే అత్తలా ఆమె ముడుచుకుపోలేదు. "ఆఁ, ఏటి?" అని పలికేది.

జీడిపళ్ళు ఇంకా రాలుతుండగానే ఒక ఆదివారం పెద్ద బృందం వచ్చింది. పృథ్వీరాజ్ కూడా ఉన్నాడు. చినబాబు ముందు నడుస్తున్నాడు. గెడ్డ దగ్గర ఎవరూ ఆగలేదు, ఏమీ అనలేదు. మలుపు దగ్గర రాళ్ళ మధ్యకు రాగానే చినబాబు ఆగాడు. వెనక్కి చూశాడు. మళ్ళీ ముందుకు చూశాడు.

"తిరుగుదాం" అన్నాడు.

"ఏం కనిపించింది?" అన్నాడు పృథ్వీరాజ్.

"గెడ్డ దాటినాక సెప్తాను బాబూ."

"ఆ రూల్ తీసేశాం కదా. ఇప్పుడే చెప్పు."

"గైడ్ సెప్తే ఒక్క మాట అడగనన్నారు కదేటి. షెడ్డులో, అందరి ముందరా."

పృథ్వీరాజ్ వెనక్కి తిరిగాడు. అందరూ దిగారు.

గెడ్డ దాటాక చినబాబు చెప్పాడు. "నాకేటీ కనబళ్ళేదు. ఈ టీచరమ్మగారు నా ఎనకే వస్తన్నారు. మలుపుకాడ నిలబడిపోనారు. మొహంలో నెత్తురు నేదు. ఏటమ్మా అంటే ఏం లేదన్నారు. నోట్లో మాటున్నాది, రావడం నేదు. అందుకని ఆవిడ మాట నానన్నాను."

పృథ్వీరాజ్ ఆమె వైపు తిరిగాడు. శ్రీకాకుళంలో పిల్లలకు లెక్కలు చెప్పే టీచరు. ఆమె కాసేపు చెప్పుల్లోని ఇసుక దులుపుకుంది.

"గురక లాంటి చప్పుడు వినిపించింది" అంది చివరికి. "ఎడమ వైపు పొదలోంచి. గాలేమో అనుకున్నా. ఇంతమందిని నావల్ల వెనక్కి తిప్పితే ఏమనుకుంటారోనని…"

అది ఎలుగో, గాలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. చూడ్డానికి ఎవరూ పైకి వెళ్ళలేదు. చినబాబు మాత్రం ఆ సాయంత్రమే కమిటీ షెడ్డుకు వెళ్ళి, గెడ్డ దగ్గర అనిపించకుండా తాను కూడా తీసుకెళ్ళనని చెప్పాడు. ఇంకెవరినైనా చూడమని పృథ్వీరాజ్ గంగులును అడిగాడు.

"ఎవుడున్నాడు బాబూ? నానున్నాను. మోకాళ్ళు నొప్పి. మోసుకెళ్తారా?"

మర్నాడు పృథ్వీరాజ్ జగ్గమ్మ ఇంటికి వచ్చాడు. ఆమె అరుగు మీద విస్తళ్ళు కుడుతోంది. అప్పలమ్మ పక్కన కూర్చుని ఆకులు అందిస్తోంది. ఉన్న ఒక్క కన్నుతో వచ్చినవాణ్ణి కిందినుంచి పైదాకా చూసింది.

"వచ్చే ఆదివారం మీరు రావాలి" అన్నాడతను. "ఆ మాట అనిపించండి. నేనేమీ అడ్డు చెప్పను."

"అడ్డు సెప్పకపోడం సాల్దు" అంది జగ్గమ్మ, చేతిలో పుల్ల ఆకులో గుచ్చుతూ. "మీ పేజీలో నా మీద రాసింది తీసీమనను. ఉండనీ. ఎవులి నవ్వు ఆలదే. నాకొక్కటే కావాలి. ముందు నువ్వనాలి. అందరి ముందరా."

"నేనా? నేను యజమానిని కదా."

"అందుకే."

ఆదివారం గెడ్డ ఒడ్డున కొత్త బృందం నిలబడింది. జాకెట్ వేసుకుని జగ్గమ్మ నీళ్ళ అంచున నిలబడింది. మాట ఎందుకనాలో, ఎందుకు నవ్వకూడదో చెప్పి, పృథ్వీరాజ్ వైపు చూసింది.

"తిరుగుదాం" అన్నాడతను, గొంతులోనే.

"ఇనబళ్ళేదు."

"తిరుగుదాం."

"గెడ్డ సప్పుడు మీద ఇనబడాల బాబూ. పైన గాలి ఇంకా ఎక్కువుంటాది."

వెనక ఒక కుర్రాడు నవ్వాడు. జగ్గమ్మ వేలు పెట్టి చూపించింది. "నువ్వు ఇక్కడే కూకో. మేం దిగొచ్చీదాకా సంచులు కాపలా కాయి."

కుర్రాడు పృథ్వీరాజ్ మొహం చూశాడు, ఏమైనా అంటాడేమోనని. పృథ్వీరాజ్ అతన్ని చూడలేదు. గెడ్డ వైపు తిరిగి, గట్టిగా ఊపిరి పీల్చి, అవతలి ఒడ్డున ఆకుల గుంపు తలెత్తి చూసేలా ఆ మాట అరిచాడు.

జగ్గమ్మ నీళ్ళలో కాలు పెట్టింది. "ఇప్పుడు రండి."