వేడెక్కితే ఆగిపోయే బండి

మా బాపు బండి కాయిల్ మార్చాక బాగయిందని మా వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మేమూ అప్పట్లో కాదనలేదు. కాని కాయిల్ మార్చలేదు, పాతదే ఇవాళ్టికీ పనిచేస్తోంది. ఆ మాట నమ్మి పాత టూ స్ట్రోక్ బండ్లవాళ్లు అనవసరంగా కాయిళ్లు మారుస్తున్నారని ఈమధ్య తెలిసింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. బాపు కూడా రాయమన్నాడు.

మాది నకిరేకల్‌కు కాస్త దూరంలో నేతగాళ్ల ఊరు. రాష్ట్రం వచ్చిన మరుసటేడు బాపు నడుము నొప్పితో మగ్గం గుంటలో కూర్చోవడం మానేశాడు. అప్పటినుంచి ఆయన పనంతా ఆ బండి మీదే. చుట్టుపక్కల ఊళ్ల నేతగాళ్లకు నూలు అచ్చులు, అంటే మగ్గానికి కట్టే నిలువు పోగులు, అందించి, నేసిన చీరలు తెచ్చేవాడు. అది నేను పుట్టకముందు కొన్న బండి. ఒక ఎండాకాలం దానికి కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున ఒక్క కిక్కుకే లేచేది. మూడు నాలుగు కిలోమీటర్లు పోయి వేడెక్కగానే ఆగిపోయేది. అరగంట చల్లారితే మళ్లీ లేచేది. మూడోసారి నెట్టుకుంటూ వచ్చిన రోజు బాపు మూట దించి, చెమట కూడా తుడుచుకోకుండా అన్నాడు.

"ఆదివారం పాతసామాన్లాయన వస్తడు. ఇచ్చేస్త. ఇగ నాతోని గాదు."

"మరి అచ్చులెవరు తీస్కపోతరు బాపూ?"

"ఎవరన్న తీస్కపోతరు. నేనింట్ల కూసుంట."

ఇంట్లో కూర్చుంటే ఆయన ఏమవుతాడో అమ్మకూ నాకూ తెలుసు. నడుము పట్టేసిన కొత్తలో మూడు నెలలు గోడకు ముఖం పెట్టి పడుకున్నాడు. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

అడ్డరోడ్డు మీది మెకానిక్ చూసి, "కాయిల్ వోయిందక్కా, ప్లగ్గుకు నిప్పురవ్వ సరిగ వస్తలేదు" అన్నాడు. లైబ్రరీలో చదివి చూస్తానంటే నవ్వాడు. "చదివితె బండి లేస్తదా? గట్లయితె నేను గూడ షాపుల రెండు పుస్తకాలు వెడ్త!"

పదో తరగతితో నా బడి ఆగింది గాని లైబ్రరీ ఆగలేదు. మరునాడు నల్గొండ వెళ్లాను. అక్కడి పెద్దాయన బీరువా జరిపి, అట్ట ఊడిపోయిన మోటారు బండ్ల పుస్తకం తీసిచ్చాడు. జబ్బు ఉన్నప్పుడే పరీక్ష చెయ్యాలని, చల్లారిన బండిలో ఏ లోపమూ దొరకదని అందులో ఉంది. నాలుగు పేజీలు నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నాను.

శుక్రవారం బాపు వెనక కూర్చుని బయలుదేరాను. బండి ఆగగానే ప్లగ్గు విప్పాను. తడిగా ఉంది. అంటే పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వే సరిగా అందడం లేదు. ప్లగ్గును ఇంజనుకు ఆనించి పట్టుకుని బాపును కిక్కు కొట్టమన్నాను. నీలంగా రావలసిన రవ్వ ఎర్రగా, సన్నగా వచ్చింది. రవ్వ పుట్టేవేళకు కరెంటును తెంపే పాయింట్ల మూత తీశాను. అవి కాలలేదు, వాటి సందూ సరిగానే ఉంది. ఇక మిగిలింది కాయిల్, దానికి కరెంటు తెచ్చే తీగ. తీగను ఊడదీసి చిన్న బల్బు పెడితే వెలిగింది. తీగ బాగుందనుకున్నాను. మెకానిక్ మాటే నిజమైందని దిగులుగా ఇల్లు చేరాను.

సాయంత్రం నోట్‌బుక్ మళ్లీ తెరిస్తే, నేను రాసుకుని కూడా మరిచిపోయిన ముక్క కనబడింది. బల్బుకు కొంచెం కరెంటు చాలు, కాయిల్‌కు అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. బల్బు వెలిగినంత మాత్రాన తీగ బాగున్నట్టు కాదు. బ్యాటరీ నుంచి కాయిల్‌కు నేరుగా వేరే తీగ వేసి చూడాలి.

శనివారం అలాగే చేశాం. దారిలో ఆగిన బండి, తీగ తగిలించగానే ఒక్క కిక్కుకు లేచింది. ఆగకుండా ఇల్లు చేరింది. కరెంటు తాళాన్ని దాటి నేరుగా పోతోంది గనక తాళం తిప్పినా ఆగలేదు, నేను తీగ పీకాకే ఆగింది. కాయిల్ తప్పేమీ లేదు.

ట్యాంకు దించితే కింద తీగకు ఒక అతుకు కనబడింది. నా చెయ్యి దాన్ని దాటి ముందుకు పోయింది. అది బాపు వేసిన అతుకు మరి. అచ్చు అయిపోతే కొత్త అచ్చు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే వేళ్లతో మెలితిప్పి అతుకుతాం. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటాం. ఆ పనిలో బాపును మించినవాళ్లు మా ఊళ్లో లేరు. ఎలుకలు కొరికిన తీగనూ ఆయన అలాగే అతికాడు. బూడిద వేళ్లతో మెలితిప్పి, గంజి పూసి, నూలు చుట్టాడు. మిగతా తీగలో ఎక్కడా లోపం దొరక్క, నా చెయ్యి మళ్లీ ఆ అతుకు దగ్గరికే వచ్చింది.

"బాపూ, గీ అతుకు ఇప్పాలె."

"అది నేనేసిందే. గుంజి సూడు, తెగుతదా?"

గుంజాను. తెగలేదు.

"తెగదు బాపూ. గని నడుమ బూడిదున్నది, గంజున్నది. ఇంజను కాగితె కరెంటు సరిగ పోతలేదు."

బాపు అతుకును తనే మరోసారి గుంజి చూశాడు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ అంది. "బండికి గూడ గంజి వెట్టినవా? జర మామిడి తొక్కు గూడ ఎయ్యకపోయినవ్!"

బాపు నవ్వాపుకోలేకపోయాడు. కత్తి అడిగి తీసుకుని నూలు కోశాడు. లోపల రాగి నల్లబడి, పొడి రాలింది. నన్ను ముట్టనివ్వకుండా ఆ కొసలను తనే ఎర్రగా మెరిసేదాకా గీకాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, పొడివేళ్లతో మెలితిప్పాడు. కబురు పెడితే మెకానిక్ వచ్చి టంకం పెట్టి, "నేను కాయిలన్నది తప్పని ఎవ్వరికి చెప్పకక్కా" అన్నాడు. తన అతుకు సంగతి కూడా బయటికి పోవద్దని బాపు అన్నాడు. అడిగినవాళ్లకు కాయిల్ మార్చామనే చెప్పాలని వాళ్లిద్దరి ఒప్పందం.

ఆదివారం పాతసామాన్లాయన వచ్చేసరికి బాపు ఇంట్లో లేడు. అచ్చులు కట్టుకుని పొద్దున్నే వెళ్లాడు. పొద్దుగూకే ముందు బండి మీదే తిరిగొచ్చాడు.

పేర్లు వద్దన్నారు కాబట్టి పేర్లు లేకుండానే కృతజ్ఞతలు. బీరువా జరిపిన పెద్దాయనకు, టంకం పెట్టిన తమ్ముడికి, ఆ పూట నవ్వించిన అమ్మకు. తన అతుకును తన చేతులతోనే విప్పిన బాపుకు.