పన్నెండు కాగితాలు, ఒకటే జవాబు

మా డైరెక్టరు గారు ఎవరినీ ఏనాడూ తిట్టలేదు. తిట్టేవాడైతే నేనూ లోపల్లోపల నాలుగు తిట్టి మర్చిపోయేదాన్ని. ఆయన అందరినీ "అమ్మా" అని పిలిచేవాడు. ఏదడిగినా "చూద్దామమ్మా" అనేవాడు. ఆ చూడడం ఎప్పటికీ అయ్యేది కాదు. ఇన్నేళ్ళు గడిచినా ఆయన మీద నా కోపం చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

తొంభైల చివర రాజమండ్రిలో ఆయన నడిపే స్వచ్ఛంద సంస్థలో నేను టైపిస్టును. గోదావరి మధ్యనున్న లంక గ్రామాల్లో ఆడవాళ్ళ సంఘాలు పెట్టించడం, తుఫానుకు ఇళ్ళు పోయినవాళ్ళకు మళ్ళీ ఇళ్ళు వేయించడం మా సంస్థ పని. అక్కడి నుంచి వచ్చే రిపోర్టులను ఇంగ్లీషులోకి మార్చి టైపు కొట్టేది నేనే. రోజూ పొద్దున్నే అందరం గుండ్రంగా నిలబడి, చేతులు పట్టుకుని, "మనమంతా ఒకే కుటుంబం" అనాలి. అలా అన్నాక సెలవు అడగడానికి ఎవరికైనా నోరు వస్తుందా?

ఆ కుటుంబంలో నాకు నిజంగా సొంతమనిపించింది ఒక్కతే, ఫీల్డులో తిరిగే అక్క. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు కడుపు పండితే, తుఫాను పనుల్లో పడవ దిగి మోపెడ్ ఎక్కి, గోతుల రోడ్ల మీద తిరిగి తిరిగి, అయిదో నెలలో పోగొట్టుకుంది. పదో రోజుకే డైరెక్టరు గారు కబురు పెట్టి పిలిపించాడు. సేవకు వచ్చినవాళ్ళు సొంత కష్టాలు పట్టించుకోకూడదని చెప్పి, అందరి ముందూ ఆవిణ్ణి మెచ్చుకున్నాడు కూడా. చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

మరుసటి ఏడాది అక్కకు మళ్ళీ నెల తప్పింది. ఈసారి మంచం దిగితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పేసింది. అక్క సెలవు కాగితం రాసుకుని వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడింది. మనకు డబ్బిచ్చే విదేశీ సంస్థవాళ్ళు మన పని చూడడానికి వస్తున్నారు, వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా ఓపిక పట్టు, ఆ తర్వాత చూద్దామమ్మా అన్నాడట. "సరేనండి" అని వచ్చేసి, నా పక్కన కూర్చుని ఏడ్చింది. మానెయ్యమందామంటే ఆ ఇంట్లో ఉద్యోగం ఆవిడది ఒక్కటే.

ఆ వారమే ఆ విదేశీ సంస్థ నుంచి ఒక కవరు వచ్చింది. సిబ్బంది ఆరోగ్యం ఎలా ఉంది, సెలవులు దొరుకుతున్నాయా, పైవాళ్ళు మీ మాట వింటున్నారా అని ప్రశ్నలు. పేరు రాయక్కర్లేదు, ఎవరి జవాబు వారే రాయాలి. డైరెక్టరు గారు ఒకప్పుడు బళ్ళో మేష్టారు. పన్నెండుమంది సిబ్బందినీ కూర్చోబెట్టి జవాబులు బోర్డు మీద రాశాడు. మావాళ్ళకు చిన్నప్పటి నుంచి అలవాటైన పనే కదా, కామాలతో సహా దింపేశారు. "గత పదేళ్ళుగా ఈ సంస్థలో ఎంతో సంతోషంగా పనిచేస్తున్నాను. డైరెక్టరు గారు మాకు తండ్రితో సమానం" అని, చేరి నెల కూడా కాని అమ్మాయి సైతం రాసింది.

ఆ పన్నెండు కాగితాలూ నా చేతికిచ్చి, కాస్త అటూ ఇటూ మార్చి ఇంగ్లీషులో పెట్టమ్మా అన్నాడు. ఎప్పుడూ చేసే పనే. ఈసారి చెయ్యలేదు. ఒక్క మాట మార్చకుండా పన్నెండుసార్లు కొట్టాను. తెలుగు కాగితాలు కూడా వెనకాల గుచ్చాను. ఆయన అవేవీ చదవకుండానే పై ఉత్తరం మీద సంతకం పెట్టాడు, నా మీద అంత నమ్మకం పాపం. పోస్టాఫీసుకు నేనే వెళ్ళి రిజిస్టరు చేసి, వచ్చే దారిలో హాయిగా మిరపకాయ బజ్జీలు తిన్నాను.

ఈలోగా అక్క పడవలెక్కుతూనే ఉంది. రోజూ సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు.

అనుకున్నదానికంటే ముందే విదేశం నుంచి ఒక పెద్దావిడ దిగింది. దండలు వద్దంది. సంచిలోంచి పన్నెండు కాగితాలూ తీసి బల్ల మీద పక్కపక్కనే పరిచింది. డైరెక్టరు గారి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఆయన్ను వరండాలో కూర్చోమని చెప్పి, మమ్మల్ని ఒక్కొక్కరినీ లోపలికి పిలిచింది. అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేది నేనే.

అక్క వచ్చి కూర్చుని, బాగానే ఉన్నానండి అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అక్కా, నీ బిడ్డ కోసం కూడా నోరు తెరవ్వా?" అన్నాను.

కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. తర్వాత మొదటి బిడ్డ దగ్గర్నుంచి అంతా చెప్పింది. నేను ఒక్క ముక్క వదల్లేదు, ఒక్క ముక్క కలపలేదు. పెద్దావిడ సెలవు కాగితం అప్పటికప్పుడే టైపు చెయ్యమంది, పురుడయ్యాక మూడు నెలల దాకా, జీతంతో. డైరెక్టరు గారు ఆ వరండాలోనే కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. నేను చూస్తూ నిలబడ్డాను, కదిలితే ఒట్టు.

పాప పుట్టింది. బారసాలకు డైరెక్టరు గారు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఎవరూ ఇవ్వకుండానే ఉయ్యాల్లోంచి పాపను ఎత్తుకుని, ఈ పాప మన సంస్థ బిడ్డ, ఈ ఫొటో ఆ పెద్దావిడకు పంపాలి అని చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్తున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన ముందు సరేనండి తప్ప మరో మాట అనని అక్క పీట మీంచి లేచింది.

"కాదండి. నా బిడ్డండి. ఇలా ఇవ్వండి."

చేతులు చాపి తీసేసుకుంది. సరిగ్గా అప్పుడే ఫొటోగ్రాఫరు నొక్కాడు. అందులో పాప లేదు, అక్కా లేదు. ఖాళీ చేతులు ముందుకు పెట్టుకుని, నోరు తెరుచుకుని డైరెక్టరు గారు ఒక్కడే ఉన్నాడు. స్టూడియోకు వెళ్ళి, అడిగి మరీ ఒక కాపీ తెచ్చుకున్నాను. మనసు బాగోలేని రోజున ఇప్పటికీ తీసి చూసుకుంటాను.