ఆకురాయి చప్పుడులో చెప్పిన మాట

ఈ పొద్దున వంటింటి పైఅర దులుపుతుంటే అరచేతి పొడవున్న చెక్కపెట్టె ఒకటి చేతికి తగిలింది. మూత తీయగానే కొండకర్ర వాసన, దాని అడుగున ఎక్కడో మాత్రల చేదు వాసన కలిసి గుప్పుమన్నాయి. చేతిలో చీపురు చేతిలోనే ఉండగా స్టూలు మీద కూలబడ్డాను. పెట్టెలో రెండు గదులు. ఒకదాని మీద సూర్యుడు, ఇంకోదాని మీద నెలవంక, ఎర్రగా కాల్చిన ఇనుపచువ్వతో మా అమ్మ గీసినవి. సూర్యుడికి కిరణాలు ఒకవైపే ఉంటాయి. రెండోవైపు గీసేలోపు చువ్వ చల్లారిందనీ, మళ్ళీ కాల్చడానికి బద్ధకమేసిందనీ అమ్మ చెప్పేది.

మాది ఉదయగిరి. నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఇంట్లో అమ్మ, అమ్మను కన్న అవ్వ, నేను. మా వీధిలో ఇంటింటా గరిటెలూ చెంచాలూ చెక్కేవాళ్ళే కాబట్టి తెల్లారి పాలవాడి గంటకన్నా ముందు కర్రను నున్నగా రాకే ఆకురాళ్ళ చప్పుడే వినబడేది. అమ్మ వాకిట్లో బోర్లించిన తొట్టి మీద కూర్చుని, కాలివేళ్ళ మధ్య చెంచా కాడ బిగించుకుని, గరగరమని రాకుతూ ఉంటే తెల్లటి పొట్టు ఆమె చీర కుచ్చిళ్ళ మీద, నా తలలో, అవ్వ వక్కాకు పళ్ళెంలో, ఒక్కోసారి మా పప్పులో కూడా పడేది. వానాకాలం కర్ర తడిసి పుల్లటి వాసన వేసేది, ఎండాకాలం ఇల్లంతా పచ్చి బాదంపప్పు వాసన. ఆ పొట్టును అవ్వ గోతాం సంచిలోకి ఎత్తి పొయ్యి రాజెయ్యడానికి దాచేది, గుప్పెడు పొట్టు వృథా అయినా ఊరుకునేది కాదు.

పొద్దున ఏడింటికొక మాత్ర, సాయంత్రం ఏడింటికొక మాత్ర, అమ్మకూ నాకూ. పొద్దుటి మాత్రలుండే సూర్యుడి గదిని అమ్మకన్నా ముందు నేను తెరిస్తే ఆ రోజు అమ్మ నా జట్టు, లేకపోతే కచ్చి. వాటిని మేము ఆత్మకూరు మాత్రలు అనేవాళ్ళం. ఎందుకంటే నెలకొకసారి ఆత్మకూరు ఆసుపత్రికి పోయి తెచ్చుకునేవాళ్ళం. బలానికని చెప్పింది అమ్మ, నమ్మాను. ఇంకా చెప్పాలంటే, మాత్రలు లేని ఇళ్ళను చూసి పాపం అనుకునేదాన్ని. ఆత్మకూరు పోయేరోజు అమ్మ సంచినిండా గరిటెలు సర్దుకునేది, అంగట్లో వేసొస్తానని వీధిలో అందరికీ వినబడేలా చెప్పేది. ఆ గరిటెలు చాలా నెలలు అవే పోయి అవే తిరిగొచ్చేవి. ఆసుపత్రి బల్ల మీద మా మధ్య ఆ సంచి మూడో మనిషిలా కూర్చునేది. బస్సెక్కేముందు బన్నూ టీ, దారిపొడుగునా కిటికీ సీటు, ఇల్లు చేరేసరికి అమ్మ ఒడిలో నిద్ర. నాకు అంతకు మించిన తిరునాళ్ళ లేదు.

ఇంట్లో ఒక వింత పద్ధతి ఉండేది. పక్కింటికీ మాకూ మధ్య ఒకే గోడ. అటువాళ్ళు దగ్గితే మాకు మంచినీళ్ళు తాగాలనిపించేంత పలచటిది. అందుకని అమ్మా అవ్వా ఏదైనా గుట్టు మాట్లాడుకోవాలంటే అమ్మ ఆకురాయి అందుకునేది. రాకుడు జోరందుకుంటే పెద్దవాళ్ళ మాటలు నడుస్తున్నాయని నాకు తెలిసేది. పెదాలు కదలడం కనబడేది, మాట మాత్రం నా దాకా వచ్చేది కాదు.

నాకు పదేళ్ళ వయసులో రంజాన్ వానల్లో వచ్చింది. నా ఈడుదే అయిన పక్కింటి షాహీన్ ఏడేళ్ళకే మొదటి రోజా ఉపవాసం ఉన్నది. ఆ రోజు దానికి కొత్త గౌను, మెడలో మల్లెపూల దండ, చేతినిండా ఖర్జూరాలు, వీధంతా వచ్చి దీవించడం. నేను మూడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను, అమ్మ వచ్చే ఏడు వచ్చే ఏడు అంటూనే ఉంది. చిన్నపిల్లలు మధ్యాహ్నం దాకా ఉండేదాన్ని అవ్వ పిట్ట రోజా అనేది. అదైనా ఉండనిమ్మంటే, ఏడింటికి మాత్ర ఎట్లా అని అమ్మ నోరు మూయించేది. షాహీన్ ఒకరోజు అందరి ముందూ నన్ను తిండిపోతు అన్నది. అంతే, ఉడుకుమోతుతనం ముంచుకొచ్చింది.

మర్నాటి నుంచి తెల్లవారుజామున అవ్వతోపాటు సహరీకి లేచి, నిద్ర పట్టలేదని సాకు చెప్పి, రెండు ముద్దలు తినేదాన్ని. ఏడింటికి మాత్ర నోట్లో వేసుకుని నాలుక కింద దాచి, అమ్మ అటు తిరగ్గానే వాకిట్లోకి పోయి పొట్టు కుప్పలో ఉమ్మేసేదాన్ని. బళ్ళో మధ్యాహ్నం గుడ్డు షాహీన్ ఎదురుగానే వేరేవాళ్ళకు ఇచ్చేసి, చూశావా అన్నట్టు నిలబడేదాన్ని. సాయంత్రం మాత్ర మాత్రం బుద్ధిగా మింగేదాన్ని. దేవుడికి ఒకటి, అమ్మకొకటి అని నా లెక్క. ఎంత పుణ్యం చేస్తున్నానో అని లోలోపల పొంగిపోయాను కూడా, నా మొహం మండ!

పదకొండో రోజు కుప్ప పెరిగిందని పొట్టు ఎత్తుతూ అవ్వ ఆగింది. ఆమెకు చూపు ఆనదు, వేళ్ళే కళ్ళు. సగం కరిగి, పొట్టు అంటుకుని, ఎండి గట్టిపడిన బిళ్ళలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుని, అమ్మ దగ్గరికి పోయి ఆమె అరచేతిలో గుమ్మరించింది. అమ్మ మొహంలో రక్తం చుక్క లేదు. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సగం చెక్కిన గరిటె కాలివేళ్ళ మధ్య బిగించుకుని ఆకురాయి తీసుకుంది. ఆ చప్పుడు మొదటిసారి నా కోసం మొదలైంది.

"నీ వంట్లో హెచ్ఐవీ ఉండాది పాపా. నాకూ ఉండాది. కడుపులో ఉన్నప్పుడు నా నుంచే నీకు వచ్చినాది."

ఆ మాట అంటున్నప్పుడు ఆకురాయి జారి ఆమె బొటనవేలు గీరుకుంది. చూసుకోలేదు. రాకుతూనే చెప్పింది. కర్రలో పుచ్చుపురుగు లాంటిదంట. మందు వేళకు పడుతూ ఉంటే లోపల నిద్రపోతుందంట, చావదంట, పూటలు తప్పితే లేచి తొలుస్తుందంట, ఒకసారి మందుకు అలవాటు పడి లేచిందంటే ఆ మందు ఇక దానికి పని చెయ్యదంట. నాయనకు సంగతి తెలిసేసరికే ఆలస్యమైపోయిందంట. మనకు ఆలస్యం కాలేదు, మాత్ర మింగినన్నాళ్ళూ బతుకుతాం, ముసలోళ్ళం అవుతాం, ఎవరికీ చెప్పొద్దు అన్నది. నాకు సగం అర్థమైంది, సగం కాలేదు.

"అయితే రేపు రోజా లేదా?" అన్నాను.

అమ్మ ఆకురాయి కింద పడేసి నన్ను వాటేసుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. నా జడలోని పొట్టంతా ఆమె చెంపకు అంటుకుంది. 

మర్నాడే ఆత్మకూరు పోయాం. ఆ రోజు సంచిలో గరిటెలు సర్దడం కూడా మర్చిపోయింది అమ్మ. ఆసుపత్రి కౌన్సిలర్ మేడం బిళ్ళలు చూసి అరవలేదు. ఎన్ని పూటలు పోయాయో నా చేతే చెప్పించి, మళ్ళీ సరిగ్గా మొదలుపెట్టమని, ఏదైనా చెయ్యాలనిపిస్తే ముందు తనను అడగమని చెప్పి పంపింది. పరీక్షకు నా రక్తం నెల్లూరు పోయింది. ఫలితం వచ్చేదాకా అమ్మ సరిగా తినలేదు. రాత్రీ పగలూ నా నుదురు తాకి చూసేది. జబ్బును ఎదిరించే కణాల కౌంటు కొంచెం తగ్గింది, అంతే. ఆరు నెలల తర్వాత మళ్ళీ పెరిగింది. మందు పని చేస్తూనే ఉందని డాక్టరు చెప్పినప్పుడు అమ్మ ఆయనకు దండం పెట్టబోయి, మధ్యలోనే ఆపి, ఆ చేతులతో నా రిబ్బను సరిచేసింది.

తర్వాతి ఏడు నేను డాక్టరును నోరు తెరిచి అడిగాను. వంట్లో బాగుంది కాబట్టి, ఒక్కరోజుకు సహరీకొకటి, రోజా విప్పే ఇఫ్తార్‌కొకటి వేసుకోమన్నాడు. నా మొదటి రోజా నాడు అవ్వ మల్లెపూలు తన చేత్తో గుచ్చింది, వేళ్ళతో తడుముకుంటూ, మధ్యమధ్య ఆకులు కూడా కలిపేసి. మసీదు గంజి, ఉల్లిగారెలు, రోజ్‌మిల్క్, ఇంటినిండా జనం. మసీదులో నమాజుకు పిలిచే బాంగు వినబడగానే అమ్మ నా నోట్లో ఖర్జూరం పెట్టింది, దాని వెనకాలే ఎవరికీ కనబడకుండా మాత్ర పెట్టింది. ఆ తీపీ ఆ చేదూ ఒకేసారి గొంతు దిగాయి.

అవ్వ ఇప్పుడు లేదు. ఉదయగిరిలో మా వీధిలో సగం ఇళ్ళలో ఇప్పుడు మోటారు మిషన్లు, ఆకురాయి చప్పుడు ఎక్కడో ఒకటీ అరా. నా కాపురం ఆత్మకూరులోనే. పెళ్ళికి ముందే మా ఆయనకు అన్నీ చెప్పాను. ఇప్పుడు రోజుకు ఒక్కటే మాత్ర, సూర్యుడి గదితో పనిలేదు. డాక్టరును అడిగే రోజాలన్నీ ఉంటున్నాను. వైరస్ పరీక్షలో కనబడనంత అణిగి ఉంది. మా అమ్మాయికి పద్దెనిమిది నెలలప్పుడు చేసిన ఆఖరి పరీక్షలో కూడా లేదని తేలింది. ఆ కాగితం పట్టుకుని అమ్మా నేనూ ఆసుపత్రి మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నామో తెలియదు.

ఈ రోజు ఐదేళ్ళ మా అమ్మాయి మొదటి పిట్ట రోజా. మధ్యాహ్నమే విప్పేసినా, సాయంత్రం మళ్ళీ మాతో ఇఫ్తార్‌కు కూర్చుంది. తలుపులు బార్లా తీసి ఉన్నాయి, సమోసాలు తెచ్చిన పక్కింటామె గడపలోనే ఉంది, నా దగ్గర ఉండే అమ్మ వసారాలో మనవరాలికి చిన్న కత్తితో బొమ్మగరిటె చెక్కుతోంది. నేను మాత్ర తీసుకోగానే మా అమ్మాయి అడగనే అడిగింది, అదెందుకమ్మా అని.

"నా వంట్లో హెచ్ఐవీ ఉండాది. ఇది వేసుకుంటే నిద్రపోతాది. నీకు లేదు."

వసారాలో అమ్మ చెయ్యి అలవాటుగా ఆకురాయి మీదికి పోయింది. అందుకుంది. నా వైపు చూసింది, గడపలో ఉన్న ఆమె వైపు చూసింది. తర్వాత దాన్ని చప్పుడు కాకుండా పక్కన పెట్టేసింది.